త్రాంబిన్ రెండోసారి వేస్తే పార్-1 ఎందుకు పలకడం లేదు?

కొత్త_పరిశోధకి
బొడ్డుతాడు సిర నుంచి తీసిన ఎండోథీలియల్ కణాల్లో, అంటే హ్యూవెక్‌లలో, ఫ్లూయో-4 రంగుతో కాల్షియం కొలత నడుస్తోంది. చూస్తున్నది రక్తం గడ్డకట్టించే ఎంజైము త్రాంబిన్‌కు పలికే కణపు రిసెప్టర్ పార్-1ను. త్రాంబిన్ 1 యూనిట్/మి.లీ. వేయగానే గీత నిట్టనిలువుగా లేస్తుంది, రెండు మూడు నిమిషాల్లో దిగిపోతుంది. కడిగి పది నిమిషాలు ఆగి అదే డోసు మళ్లీ వేస్తే ఏ చలనమూ లేదు. ప్లేటులోని ఆ బావిలోనే (చిన్న గుంటలోనే) హిస్టమిన్ 10 మైక్రోమోలార్ వేస్తే మాత్రం మంచి శిఖరం వస్తోంది. త్రాంబిన్ చెడిపోయిందనుకుని కొత్త సీసా తెరిచినా ఫలితం మారలేదు. డోసు–స్పందన గీత కూడా రోజుకో తీరుగా ఉంటోంది. ఎక్కడ చూడాలి?

కత్తెర_ఎంజైము
హిస్టమిన్‌కు పలుకుతున్నాయంటే కణాలు బాగున్నాయి, రంగు బాగుంది, లోపలి కాల్షియం నిల్వలు కూడా నిండే ఉన్నాయి. మీ త్రాంబిన్‌కూ ఏమీ కాలేదు. రెండోసారి పలకడానికి ఆ రిసెప్టరే మిగల్లేదు.

పార్-1ను మామూలు రిసెప్టర్లా ఊహించుకోవద్దండి. హిస్టమిన్ వచ్చి కూర్చుంటుంది, లేచి వెళ్లిపోతుంది. త్రాంబిన్ కూర్చోవడానికి రాదు, కోయడానికి వస్తుంది. 425 అమైనో ఆమ్లాల ఈ ప్రోటీన్ తోక కణం బయట వేలాడుతుంటుంది. త్రాంబిన్ దాన్ని అర్జినిన్-41కీ సెరిన్-42కీ మధ్య తెంపుతుంది. తెగిన చోట బయటపడే కొత్త కొస సెరిన్, ఫినైలలనైన్, లూసిన్, లూసిన్, అర్జినిన్, ఆస్పరజిన్ వరసతో మొదలవుతుంది. ఆ కొసే వెనక్కి వంగి అదే రిసెప్టర్ నెత్తిన కూర్చుని దాన్ని మేల్కొలుపుతుంది. తాళంచెవి మొదటి నుంచీ రిసెప్టర్ కొంగునే ముడివేసి ఉందన్నమాట, త్రాంబిన్ చేసేదల్లా ముడి విప్పడమే. కోసిన బంధం మళ్లీ అతుక్కోదు కాబట్టి ఒక్కో రిసెప్టర్‌కూ ఒక్కటే అవకాశం.

ఈ సంగతి 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షాన్ కఫ్లిన్ బృందం తేల్చింది. రిసెప్టర్‌ను పట్టుకోవడానికి వాళ్లు కప్ప అండకణాల్లోకి ఆర్‌ఎన్‌ఏ ఎక్కించి, త్రాంబిన్‌కు ఏవి పలుకుతాయో వెతికారు. ఆ తర్వాత కోత చోటులో ఎంటెరోకైనేజ్ గుర్తించే వరస పెట్టి చూస్తే రిసెప్టర్ ఎంటెరోకైనేజ్‌కు పలికింది. ఏ కత్తెర కోసిందన్నది ముఖ్యం కాదు, ఆ కొస బయటపడడమే ముఖ్యం అని అంతకంటే శుభ్రంగా చూపించే ప్రయోగం నాకు తెలియదు.

మందులపెట్టె
తెగి విడిపోయిన ముక్క సంకేతం ఇస్తుందని కొన్ని పాఠాల్లో చదివాను. అదేనా ఇది?

కత్తెర_ఎంజైము
కాదండీ, ఇక్కడ చాలామంది పొరబడతారు. విడిపోయి కొట్టుకుపోయే ముక్కకు వేరే పనులు ఉన్నాయన్న వాదన ఉంది గానీ, పార్-1ను మేల్కొలిపేది రిసెప్టర్‌కే అంటుకుని మిగిలిన కొస. అందులో మొదటి సెరిన్ మీద స్వేచ్ఛగా ఉండే అమైనో సమూహం తప్పనిసరి. ఆ కొస వరసతో విడిగా తయారుచేసిన చిన్న పెప్టైడ్ కూడా రిసెప్టర్‌ను లేపుతుంది, కానీ ఆ చివరను ఎసిటైల్‌తో మూస్తే పనిచేయదు. పెప్టైడ్ ఆర్డర్ పెట్టేటప్పుడు అమైనో చివర ఖాళీగా ఉండాలని రాయండి. కార్బాక్సిల్ చివర అమైడ్ ఉంటే ఇబ్బంది లేదు, మంచిదే.

ప్లేటురీడర్
"రోజుకో తీరు" అన్నారు కదా, దాని సంగతి చూద్దాం. నా అంచనాలో కారణాలు ఇవి, ఎక్కువగా జరిగేది ముందు.

త్రాంబిన్ గొట్టం గోడకు అంటుకుపోవడం. నానోమోలార్ కిందికి పలచన చేసినప్పుడు ప్లాస్టిక్‌కూ గాజుకూ అంటుకుని సగానికి సగం మాయమవుతుంది. పలచన చేసే బఫర్లో 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం అల్బుమిన్) ఉండాలి. కొవ్వు ఆమ్లాలు తీసేసిన రకమే కొనండి. మామూలు బీఎస్‌ఏతో పాటు ఎల్‌పీఏ అనే కొవ్వు వస్తుంది, అది తనంతట తానే కాల్షియం లేపుతుంది. త్రాంబిన్ లేకుండా బఫర్ ఒక్కటే వేసిన బావి ప్రతి ప్లేటులోనూ ఉండి తీరాలి.

యూనిట్ల గందరగోళం. శుద్ధమైన మానవ ఆల్ఫా త్రాంబిన్ మి.గ్రా.కు సుమారు 3000 యూనిట్లు ఉంటుంది, అణుభారం 36.7 కిలోడాల్టన్లు. అంటే 1 యూనిట్/మి.లీ. దాదాపు 9 నానోమోలార్. పార్-1కు ఇది చాలా పెద్ద డోసు, మీరు నేరుగా గీత కొసనే కొలుస్తున్నారు. 0.03, 0.1, 0.3, 1, 3, 10 నానోమోలార్ వేయండి. తక్కువ శుద్ధత ఉన్న ఆవు త్రాంబిన్ వద్దు, అందులో వేరే గడ్డకట్టే కారకాలు కలిసి వస్తాయి.

ట్రిప్సిన్. కణాలను లేపడానికి వాడే ట్రిప్సిన్ పార్-1ను కోస్తుంది, పైగా దాని సోదర రిసెప్టర్ పార్-2ను మేల్కొలుపుతుంది. బావుల్లో వేశాక 24 నుంచి 48 గంటలు వదిలితే కొత్త రిసెప్టర్లు పొర మీదికి చేరతాయి. కొలతకు ముందు సీరం తీసేసి కొన్ని గంటలు ఉంచండి.

ఇక ఫ్లూయో-4 ఎక్కించే పద్ధతి. నల్లగోడ, పారదర్శక అడుగు ఉన్న 96 బావుల ప్లేటు. హ్యాంక్స్ బఫర్, 20 మిల్లీమోలార్ హెపెస్, పీహెచ్ 7.4, కాల్షియం 1.3 మిల్లీమోలార్. రంగు 2 నుంచి 4 మైక్రోమోలార్, ప్లూరోనిక్ 0.02 శాతం, చీకట్లో 30 నుంచి 45 నిమిషాలు. రెండుసార్లు మెల్లగా కడిగి, ఎస్టర్ పూర్తిగా తెగడానికి ఇంకో 20 నిమిషాలు ఆగాలి. కణాలు రంగును బయటికి తోసేస్తుంటే ప్రొబెనెసిడ్ 2.5 మిల్లీమోలార్ కలపండి. అది ఆమ్లం, కలిపాక పీహెచ్ మళ్లీ సరిచేయకపోతే కణాలన్నీ నీరసిస్తాయి. బావిలో 100 మైక్రోలీటర్లు ఉంచి, అయిదింతల గాఢత ఉన్న త్రాంబిన్ 25 మైక్రోలీటర్లు యంత్రం చేతనే వేయించండి. 20 సెకన్ల ఆధార గీత, తర్వాత సెకనుకో కొలత, మూడు నిమిషాలు. చేత్తో వేసి ప్లేటు లోపల పెట్టేసరికి శిఖరం దాటిపోతుంది. చివర్లో కాల్షియాన్ని కణంలోకి వదిలే ఐయనోమైసిన్ వేసి గరిష్ఠం తీసుకోండి.

ఒక బావికి ఒకే డోసు. వేసిన బావిలో మళ్లీ వేయకండి.

ఫలకిక
ప్లేటురీడర్ గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. త్రాంబిన్ నిల్వలో తనను తానే కోసుకుంటుంది. కరిగించి మళ్లీ గడ్డకట్టించిన ప్రతిసారీ ఆల్ఫా రూపం కొంత బీటా, గామా రూపాల్లోకి జారుతుంది. గామా త్రాంబిన్‌కు కోసే నోరు బాగానే ఉంటుంది, పక్కనే ఉండే పట్టు పోతుంది. ఆ పట్టునే మనం ఎక్సోసైట్-1 అంటాం. ఎస్-2238 లాంటి రంగు సబ్‌స్ట్రేట్‌తో 405 నానోమీటర్ల దగ్గర చూస్తే ఎంజైము పూర్తిగా బతికే ఉన్నట్టు కనిపిస్తుంది, పార్-1 మీద మాత్రం బలం పడిపోయి ఉంటుంది. అందుకని సీసాను పరీక్షించాలంటే ఫైబ్రినోజెన్ గడ్డకట్టే సమయం చూడండి. ఫైబ్రినోజెన్‌కూ అదే పట్టు కావాలి, దాంతో తేడా ఇట్టే తెలుస్తుంది.

కొత్త_పరిశోధకి
ఎక్సోసైట్‌కు పార్-1లో ఏది అంటుకుంటుంది? ఇంకో సందేహం. త్రాంబిన్ వేసిన వెంటనే త్రాంబిన్‌ను అడ్డుకునే హిరుడిన్‌తో ఆపేస్తే సంకేతం కూడా ఆగుతుందా? గీత నుంచి ఈసీ-50 (సగం స్పందన తెచ్చే గాఢత) తీసి, పెప్టైడ్ ఈసీ-50తో పక్కపక్కన పెట్టవచ్చా?

కత్తెర_ఎంజైము
కోత చోటుకు కాస్త అవతల, 51 నుంచి 55 వరకు లైసిన్, టైరోసిన్, గ్లుటామిక్ ఆమ్లం, ప్రోలిన్, ఫినైలలనైన్ ఉంటాయి. ఈ ముక్కకు జలగ లాలాజలంలోని హిరుడిన్ తోకతో పోలిక ఉంది. త్రాంబిన్ ముందు దీన్ని ఎక్సోసైట్-1తో పట్టుకుని, తర్వాత కోస్తుంది. కణం మీద పికోమోలార్ త్రాంబిన్‌కే పార్-1 పలకడానికి ఈ పట్టే కారణం.

హిరుడిన్ సంగతి. ముందే వేస్తే కోతే జరగదు, గీత చదునుగా ఉంటుంది. త్రాంబిన్ 10 నానోమోలార్ వేసి అర నిమిషం తర్వాత హిరుడిన్ వేస్తే పెద్ద తేడా కనిపించదు, అప్పటికే చాలా భాగం తెగిపోయింది. తెగిన రిసెప్టర్‌కు త్రాంబిన్‌తో ఇక పనిలేదు. 0.1 నానోమోలార్ దగ్గర కోత నిమిషాల తరబడి సాగుతుంది కాబట్టి మధ్యలో హిరుడిన్ వేస్తే అక్కడి నుంచి కొత్త సంకేతం పుట్టడం ఆగిపోతుంది. హిరుడిన్ 1 యూనిట్ త్రాంబిన్ 1 యూనిట్‌ను పట్టేస్తుంది. భద్రత కోసం రెండు మూడింతలు వేయండి.

ఈసీ-50లను పక్కపక్కన పెట్టడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పెప్టైడ్ మామూలు లైగాండ్. ఎంత గాఢత ఉంటే అంత మేర రిసెప్టర్లు నిండుతాయి. త్రాంబిన్ ఎంజైము. డోసు మారితే మారేది కోత వేగం. కొద్దిపాటి త్రాంబిన్ కూడా తగినంత సమయం ఇస్తే రిసెప్టర్లన్నింటినీ కోసేస్తుంది. తెగిన ఒక్కో రిసెప్టర్ కొంత సంకేతం ఇచ్చి మూతపడుతుంది. కణం ఒకవైపు కాల్షియాన్ని ఊడ్చేస్తూనే ఉంటుంది కనుక, నెమ్మదిగా తెగితే శిఖరం చిన్నది, ఒక్కసారిగా తెగితే పెద్దది. మీరు శిఖరం ఎత్తు కొలిస్తే మీరు కొలిచేది కోత వేగాన్నే. ఇనోసిటాల్ ఫాస్ఫేట్ మొత్తాన్ని లిథియం పెట్టి కూడబెట్టి కొలిస్తే, అది మొత్తం ఎన్ని రిసెప్టర్లు తెగాయో దానికి అనుగుణంగా పెరుగుతుంది. రెండింటి ఈసీ-50 ఒకటి కాకపోవడం మీ తప్పు కాదు.

పెప్టైడ్‌కు మైక్రోమోలార్లు కావాలి, త్రాంబిన్‌కు నానోమోలార్ కన్నా తక్కువ చాలు. పెప్టైడ్ బలహీనమైందని కాదు. రిసెప్టర్‌కే అంటుకున్న కొస తన చోటుకు ఎప్పుడూ చేరువలోనే ఉంటుంది, ద్రావణంలో తిరిగే పెప్టైడ్ వెతుక్కుంటూ రావాలి.

మందులపెట్టె
మూతపడడం అంటే ఏం జరుగుతుంది? పొర మీదే ఉంటుందా?

సూక్ష్మదర్శిని
కొన్ని నిమిషాల్లో లోపలికి వెళ్లిపోతుంది. కణం లోపలి తోక మీద ఫాస్ఫేట్లు ఎక్కుతాయి, సంకేతాన్ని లోపలికి అందించే జీ ప్రోటీన్లతో సంబంధం తెగుతుంది, క్లాథ్రిన్ గుంటల ద్వారా లోపలికి పోయి అక్కడి నుంచి నేరుగా లైసోజోమ్‌కు చేరి కరిగిపోతుంది. బీటా-2 అడ్రినర్జిక్ రిసెప్టర్లా కడుక్కుని పైకి తిరిగిరాదు. తెగిన రిసెప్టర్ పైకి వచ్చిందంటే ప్రమాదమే, తాళంచెవి దాని నెత్తినే ఉంటుంది కదా. ఎండోథీలియల్ కణాలకూ ఫైబ్రోబ్లాస్టులకూ లోపల కోతపడని పార్-1 నిల్వ ఉంటుంది, అది నెమ్మదిగా పైకి చేరి లోటు పూడుస్తుంది. అందుకే పది నిమిషాల్లో మౌనంగా ఉన్న హ్యూవెక్ కొన్ని గంటల తర్వాత మళ్లీ పలుకుతుంది. ప్లేట్‌లెట్‌కు ఆ నిల్వ లేదు.

కోతనూ లోపలికి పోవడాన్నీ విడిగా చూడాలంటే ఫ్లో సైటోమెట్రీలో రెండు యాంటీబాడీలు వాడండి. స్పాన్-12 కోత చోటును దాటి పట్టుకుంటుంది, తెగితే పట్టు పోతుంది. ఏటాప్-2 తెగినదాన్నీ తెగనిదాన్నీ పట్టుకుంటుంది. స్పాన్-12 తగ్గి ఏటాప్-2 నిలిచి ఉంటే తెగింది గానీ ఇంకా పొర మీదే ఉంది. రెండూ తగ్గితే లోపలికి పోయింది. కణాలను ట్రిప్సిన్‌తో లేపకండి, 2 నుంచి 5 మిల్లీమోలార్ ఈడీటీఏతో లేపండి. యాంటీబాడీ వేసే ముందు హిరుడిన్ వేసి, ఐసు మీద పెట్టాలి. ఇది మరిచిపోతే యాంటీబాడీతో ఉంచిన అర గంటా త్రాంబిన్ కోస్తూనే ఉంటుంది, మీ సున్నా నిమిషం నమూనా ముప్పై నిమిషాల నమూనా అవుతుంది.

కొత్త_పరిశోధకి
మ్యుటేషన్లు పెట్టిన పార్-1ను హెక్-293 కణాల్లో పెట్టి చూద్దామనుకుంటున్నాం. ఇబ్బందేమైనా ఉందా?

సూక్ష్మదర్శిని
ఉంది. హెక్-293లో సొంత పార్-1 ఉంటుంది. ఖాళీ ప్లాస్మిడ్ ఎక్కించినా త్రాంబిన్‌కు కాల్షియం లేస్తుంది. సున్నా అనుకున్న మ్యుటెంట్ సగం పనిచేస్తున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. పార్-1 జన్యువు తీసేసిన హెక్ వంశం గానీ, పార్-1 లేని ఎలుక ఊపిరితిత్తుల ఫైబ్రోబ్లాస్టులు గానీ వాడండి. కోత ఒక్కటే కొలవాలంటే బయటి తోక చివర ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ తగిలించిన పార్-1 ఉంది, తెగగానే ఆ ఫాస్ఫటేజ్ మాధ్యమంలోకి వస్తుంది. మాధ్యమాన్ని 65 డిగ్రీల దగ్గర అర గంట వేడిచేస్తే కణాల సొంత ఫాస్ఫటేజ్ చస్తుంది, తగిలించిన రకం తట్టుకుంటుంది.

ఫలకిక
ఇదంతా పార్-1 ఒక్కదాని కథ. ఎవరైనా ప్లేట్‌లెట్లలో చేస్తుంటే త్రాంబిన్‌కే పలికే ఇంకో రిసెప్టర్ పార్-4 కూడా ఉందని గుర్తుంచుకోవాలి. దాని కోత అర్జినిన్-47, గ్లైసిన్-48 మధ్య. దానికి హిరుడిన్ లాంటి పట్టు లేదు, అందుకే ఎక్కువ త్రాంబిన్ కావాలి, నానోమోలార్లలో. మూతపడడం కూడా నెమ్మది. మనిషి ప్లేట్‌లెట్లలో కాల్షియం గీత చూస్తే ముందు పదునైన శిఖరం పార్-1ది, వెనక సాగే పొడవాటి వాలు పార్-4ది. ఇందాక చెప్పిన గామా త్రాంబిన్ పార్-4ను మాత్రం లేపుతుంది. చెడిన సీసాతో ప్లేట్‌లెట్లు ఇంకా గుమికూడుతూనే ఉంటాయి, కారణం తెలియక రోజులు పోతాయి.

ఎలుక ప్లేట్‌లెట్లలో పార్-1 లేదు. పార్-3, పార్-4 ఉంటాయి, పార్-3 త్రాంబిన్‌ను పట్టి పార్-4కు అందిస్తుంది. పార్-1 జన్యువు తీసేసిన ఎలుకల్లో ప్లేట్‌లెట్లు త్రాంబిన్‌కు మామూలుగానే పలకడం వల్లే ఇంకో రిసెప్టర్ ఉండాలని వెతికారు. 1997లో పార్-3, 1998లో పార్-4 దొరికాయి. ఎలుక రక్తంలో ట్రాప్-6 పెప్టైడ్ (పార్-1 కొసలోని ఆ ఆరు అమైనో ఆమ్లాలు) వేసి పనిచేయలేదని ఇక్కడ ఏడాదికి నలుగురు అడుగుతారు. పనిచేయదు. పార్-4 పెప్టైడ్ వాడండి, అదీ వంద మైక్రోమోలార్లకు పైనే.

మనిషి ప్లేట్‌లెట్లను కడగడం. 21 గేజి సూది, మొదటి 2–3 మి.లీ. పక్కన పెట్టేయాలి. గడ్డకట్టనివ్వని ఏసీడీ ద్రావణం ఒక వంతు, రక్తం ఆరు వంతులు. 200 జీ దగ్గర 15 నిమిషాలు, బ్రేకు లేకుండా. పైన తేరిన ప్లాస్మాకు ప్లేట్‌లెట్లను నిద్రపుచ్చే పీజీఈ-1 1 మైక్రోమోలార్ కలిపి 800 నుంచి 1000 జీ దగ్గర 10 నిమిషాలు. టైరోడ్ బఫర్లో మి.లీ.కు 25 కోట్ల చొప్పున కలిపి, 37 డిగ్రీల దగ్గర అర గంట విశ్రాంతి. కాల్షియంను కొలతకు కాస్త ముందే కలపాలి. ఫ్రిజ్‌లో అసలు పెట్టకూడదు. రక్తం తీయడం ఆలస్యమై గొట్టంలోనే కాస్త త్రాంబిన్ పుడితే పార్-1 అక్కడే ఖర్చయిపోతుంది. అలాంటి నమూనా ఏడీపీకి పలుకుతుంది, తక్కువ త్రాంబిన్‌కు పలకదు.

కడగకుండా ప్లాస్మాలోనే చేయాలనుకుంటే త్రాంబిన్ వేయగానే మొత్తం గడ్డకడుతుంది. జీపీఆర్‌పీ అనే చిన్న పెప్టైడ్ 1 నుంచి 2.5 మిల్లీమోలార్ ముందుగా కలిపితే ఫైబ్రిన్ దారాలు అల్లుకోవు. లేదా ట్రాప్-6తో సరిపెట్టుకోండి.

ప్లేటురీడర్
ట్రాప్-6 అంటే ఎండోథీలియల్ కణాల్లో జాగ్రత్త. ఆ ఆరు అక్షరాల వరస పార్-2నూ లేపుతుంది, హ్యూవెక్‌లలో పార్-2 ఉంది. అక్కడ త్రియోనిన్‌తో మొదలయ్యే టీఎఫ్‌ఎల్‌ఎల్‌ఆర్-అమైడ్ వాడండి, అది పార్-1కే పరిమితం. తూచేటప్పుడు పొడిలో ఉప్పూ నీరూ ఎంత ఉందో ధ్రువపత్రంలో చూసి నికర పెప్టైడ్ మీదే లెక్క కట్టండి.

మందులపెట్టె
పార్-1ను అడ్డుకునే మందు వోరాపాక్సార్‌ను ఇందులో ఎలా వాడాలి? మందు వేసినా స్పాన్-12 పడిపోతోందని ఒక మిత్రుడు అడిగాడు.

కత్తెర_ఎంజైము
పడిపోవాలి. వోరాపాక్సార్ కోతను ఆపదు, తెగిన కొస కూర్చునే చోటును ఆక్రమిస్తుంది. కోత జరుగుతుంది, సంకేతం రాదు. డాబిగాట్రాన్, అర్గాట్రోబాన్ త్రాంబిన్ నోరే మూసేస్తాయి కాబట్టి కోతే ఉండదు, పార్-4 కూడా మౌనం, ఫైబ్రిన్ కూడా ఏర్పడదు. వీడ్-15 యాంటీబాడీ పార్-1లోని హిరుడిన్ లాంటి పట్టును కప్పుతుంది. తక్కువ త్రాంబిన్‌ను ఆపుతుంది, ఎక్కువ వేస్తే ఓడిపోతుంది. ఈ మూడింటినీ పక్కపక్క బావుల్లో పెడితే సంకేతం ఎక్కడ తెగిందో చెప్పవచ్చు.

వోరాపాక్సార్ నెమ్మదిగా ఎక్కి, ఇంకా నెమ్మదిగా దిగుతుంది. 100 నానోమోలార్ వేసి కనీసం 20–30 నిమిషాలు ముందుగా ఉంచండి. వేసిన వెంటనే త్రాంబిన్ వేసి "పనిచేయలేదు" అనుకోవద్దు.

ఫలకిక
ఆ దిగకపోవడమే మందుగా దాని బలం, దాని ప్రమాదం కూడా. అమెరికా ఎఫ్‌డీఏ 2014 మేలో అనుమతించింది, రోజుకు 2.08 మి.గ్రా. ఆపేసిన నాలుగు వారాల తర్వాత కూడా ట్రాప్‌కు ప్లేట్‌లెట్ల గుమికూడడం సగం దాకా అణగి ఉంటుంది. పక్షవాతం గానీ, తాత్కాలిక పక్షవాతం గానీ, మెదడులో రక్తస్రావం గానీ ఒకసారి వచ్చినవాళ్లకు ఇవ్వకూడదు. పరిశోధనకు రక్తం ఇచ్చేవాళ్లను ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో పాటు ఈ మందు గురించీ అడగండి, నెల కిందట ఆపేశామన్నా వదిలేయకండి.

కొత్త_పరిశోధకి
రక్తం గడ్డకట్టడాన్ని అదుపుచేసే ఎంజైము ఆక్టివేటెడ్ ప్రోటీన్ సీ కూడా పార్-1నే కోస్తుందంటారు. అది ఎండోథీలియం పొరను కాపాడుతుంది, త్రాంబిన్ వదులు చేస్తుంది. రిసెప్టర్ ఒకటే అయితే పనులు రెండెలా?

సూక్ష్మదర్శిని
కోత చోటు వేరు. ప్రోటీన్ సీ అర్జినిన్-46 దగ్గర కోస్తుంది, కొత్త కొస ఆస్పరజిన్, ప్రోలిన్‌తో మొదలవుతుంది. అది జీ ప్రోటీన్లను వదిలి బీటా అరెస్టిన్-2 అనే మరో ప్రోటీన్ దారి పడుతుంది. త్రాంబిన్ కోత జీ-12/13, రో దారిలో కణాలను ముడుచుకునేలా చేస్తుంది, కణాల మధ్య సందులు పడి విద్యుత్ నిరోధం అర గంటలోపే పడిపోతుంది. ప్రోటీన్ సీకి తోడుగా కణం మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఈపీసీఆర్ కావాలి. హ్యూవెక్‌లను ఎక్కువసార్లు మార్చి పెంచితే అది తగ్గుతుంది, నాలుగో మార్పు దాటనివ్వకండి.

ఆ ప్రయోగాన్ని చెడగొట్టేది ఒక్కటే. ప్రోటీన్ సీని తయారుచేసేది త్రాంబిన్‌తో కనుక సీసాలో దాని జాడ మిగిలి ఉండవచ్చు. ప్రోటీన్ సీ 10–20 నానోమోలార్ వేసి గంటల తరబడి ఉంచుతారు, పికోమోలార్ త్రాంబిన్‌కు ఆ సమయం ఎక్కువే. ప్రోటీన్ సీ వేసే ప్రతి బావిలోనూ హిరుడిన్ ఉండాలి, ప్రోటీన్ సీకి దానివల్ల ఏమీ కాదు.

కొత్త_పరిశోధకి
అయితే రేపటి ప్లేటు ఇలా పెడతాను. బఫర్ ఒక్కటే. త్రాంబిన్ ఆరు డోసులు, ఒక్కోటి మూడు బావులు. త్రాంబిన్ 10 నానోమోలార్, ముందే హిరుడిన్. త్రాంబిన్ 1 నానోమోలార్, ముందే వోరాపాక్సార్. టీఎఫ్‌ఎల్‌ఎల్‌ఆర్ 10 మైక్రోమోలార్. హిస్టమిన్. చివర్లో అన్నిటికీ ఐయనోమైసిన్.

ప్లేటురీడర్
టీఎఫ్‌ఎల్‌ఎల్‌ఆర్‌కు ముందు హిరుడిన్ వేసిన మూడు బావులు కూడా పెట్టండి. అక్కడ శిఖరం తగ్గకూడదు. తగ్గితే హిరుడిన్ ద్రావణంలోనే ఏదో ఉంది. వోరాపాక్సార్ డీఎంఎస్‌ఓలో ఉంటుంది కాబట్టి అన్ని బావుల్లోనూ డీఎంఎస్‌ఓ 0.1 శాతం సమానంగా ఉండాలి. త్రాంబిన్ పలచనలు చిన్న డోసు నుంచి పెద్ద డోసుకు వేయండి, పిపెట్ కొసలు మార్చండి. అయిదింతల పలచనలు ఐసు మీద ఉంచి గంటలోపు వాడేయండి, మిగిలినవి పారబోయండి.

కొత్త_పరిశోధకి
అసలు సీసాను ఎలా దాచాలి?

ఫలకిక
10 మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో. ఒక్కో గొట్టం ఒక్కసారే తెరవాలి. గ్లిసరాల్ కలిపి వచ్చిన రకమైతే మైనస్ 20లో గడ్డకట్టకుండా ఉంటుంది, దాన్ని మైనస్ 80లో పెట్టకండి.